లౌటర్‌బ్రునెన్ జలపాతాలు ఒక్క రోజులో: స్నేహితుల బృందానికి సమగ్ర మార్గదర్శి

స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్‌కి దక్షిణంగా ఉన్న లౌటర్‌బ్రునెన్‌కి "72 జలపాతాల లోయ" అని పేరు. ఆ అంకెను నమ్ముకుని బయల్దేరితే నిరాశే. అందులో చాలావాటిని జలపాతాలనడం కంటే ధారలనడమే నిజం. కొండ మీద మంచు కరిగే రోజుల్లోనో, గట్టి వాన పడ్డ మర్నాడో కనిపించి, రెండు వారాలు ఎండ కాస్తే మాయమైపోతాయి. ఒక్క రోజులో తీరిగ్గా చూడదగ్గవి మూడు, అందరూ చురుగ్గా నడిస్తే నాలుగు.

ఆ మూడూ నాలుగూ ఏ వరసలో చూస్తారన్న దాన్నిబట్టే రోజు బాగుండడం, బాగుండకపోవడం. దగ్గరిది ముందు, దూరంది తర్వాత అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఒకదానికి పొద్దుటి ఎండ కావాలి, ఇంకోదానికి మధ్యాహ్నపు వేడి కావాలి. ఈ సంగతి తెలియక అందరూ పది గంటలకి దిగి, ఎదురొచ్చిన దాన్ని ఎదురొచ్చినట్టు చూసుకుంటూ పోతారు. ఒక జలపాతం నీడలో దొరుకుతుంది, ఇంకోటి టూరిస్టు బస్సుల జనం వెనక దొరుకుతుంది.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి

మంచుయుగంలో పెద్ద హిమానీనదం ఒకటి ఈ లోయని తొలుచుకుంటూ పోయింది. అందుకే అడుగు చదునుగా, రెండు పక్కలా గోడలు నిటారుగా ఉంటాయి, తొట్టిలాగా. పక్కల నుంచి వచ్చి కలిసిన చిన్న హిమానీనదాలకి అంత బలం లేక అంత లోతుకి తవ్వలేకపోయాయి. మంచు పోయాక ఆ పక్కలోయలు గోడల పైఅంచున వేలాడుతూ మిగిలిపోయాయి. వాటిలో పారే ప్రతి వాగూ అంచుదాకా వచ్చి కిందికి దూకాల్సిందే. జర్మన్‌లో "బాఖ్" అంటే వాగు. పేర్లలో ఆ మాట పదేపదే రావడానికి కారణం అదే.

మనకి పనికొచ్చే తేడా ఇంకోటి ఉంది. పడమటి గోడ మీంచి దూకే ష్టౌబ్‌బాఖ్, మ్యూరెన్‌బాఖ్‌లకి ఆధారం పైనున్న పచ్చిక మైదానాల మంచు, వాన. మే, జూన్‌లలో నిండుగా ఉంటాయి, ఆగస్టు చివరికొచ్చేసరికి సన్నబడతాయి. తూర్పు గోడ లోపల దాక్కున్న ట్రూమ్మెల్‌బాఖ్‌ది వేరే కథ. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మంచూ, హిమానీనదాల కరుగూ దానిలోకే వస్తాయి. ఎండ ఎంత కాస్తే అంత ఉధృతం. పొద్దున పైన పడ్డ ఎండకి కరిగిన నీళ్ళు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కాబట్టి వేసవిలో వేడిగా ఉన్న రోజున సాయంత్రం చూసినవాడికి దాని అసలు రూపం కనిపిస్తుంది.

ఏ నెలలో, ఎక్కణ్ణుంచి

జూన్ రెండో వారం నుంచి జులై చివరిదాకా అన్నిటికంటే మంచిది. రెండు గోడల జలపాతాలూ అప్పుడే ఒకేసారి బలంగా ఉంటాయి. మే నెలలో ష్టౌబ్‌బాఖ్ అద్భుతం, కానీ దాని వెనక్కి వెళ్ళే దారి అప్పటికి తెరవకపోవచ్చు. సెప్టెంబరులో జనం పలచబడతారు, ఆకాశం తేటగా ఉంటుంది, నీళ్ళు మాత్రం తగ్గుతాయి. ట్రూమ్మెల్‌బాఖ్‌ని ఏప్రిల్ మొదట్లో తెరిచి నవంబరు మొదట్లో మూసేస్తారు. చలికాలంలో ఈ యాత్ర పెట్టుకోకండి, లోయ అందంగానే ఉంటుంది గానీ అది వేరే యాత్ర.

బెర్న్ నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌కి (ఆ ఊరి తూర్పు స్టేషన్) రైల్లో గంట లోపే. జ్యూరిక్, బాజెల్, లూసెర్న్‌ల నుంచి దాదాపు రెండు గంటలు. జర్మనీలో చదువుకునే, పనిచేసే మనవాళ్ళు ఫ్రైబుర్గ్ వైపు ఉంటే ఒక్క రోజులో వచ్చి పోవచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ ప్రాంతీయ రైళ్ళకి నెలవారీ టికెట్) బాజెల్ బాడిషర్ బాన్‌హోఫ్ స్టేషన్ దాకా చెల్లుతుంది, అక్కణ్ణుంచి స్విస్ టికెట్ తీసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ వాళ్ళు ఒక్క రోజులో చుట్టేద్దామనుకుంటే పగలంతా రైల్లోనే గడుస్తుంది. ముందు రాత్రి ఇంటర్‌లాకెన్‌లోనో, తూన్‌లోనో బస పెట్టుకోవడం మేలు.

జర్మనీ నుంచి వచ్చేవాళ్ళు రెండు విషయాల్లో తరచూ దెబ్బతింటారు. ఒకటి ఫోను. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి ఆ ఉచిత రోమింగ్ ఇక్కడ తప్పనిసరి కాదు. కొన్ని ప్లాన్లలో ఉంటుంది, చాలావాటిలో ఉండదు. సరిహద్దు దాటగానే బిల్లు పరుగు మొదలుపెడుతుంది. బృందంలో ఒకరైనా స్విస్ డేటా ఉన్న ఈ-సిమ్ వేసుకుని, మిగతావాళ్ళు డేటా ఆపేసుకోవాలి. రెండోది గుర్తింపు. షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) లోపలి ప్రయాణమే అయినా పాస్‌పోర్టూ, రెసిడెన్స్ కార్డూ ఒంటి మీద ఉండాలి. ఫోటోకాపీ చాలదు.

టికెట్లు: ముందే కూర్చుని తేల్చుకోండి

ఆరుగురు వెళ్తుంటే ఆరుగురికీ ఒకే టికెట్ చవక కాదు. బయల్దేరడానికి కనీసం నెల ముందు ఎవరి దగ్గర ఏ కార్డు ఉందో రాసుకోండి.

స్విట్జర్లాండ్‌లో ఉండేవాళ్ళకి హాఫ్‌ఫేర్ కార్డు (టికెట్లు సగం ధరకిచ్చే కార్డు) ఉంటే సగం పని అయినట్టే. దాని మీద సేవర్ డే పాస్ ముందుగా కొంటే దేశమంతా రోజంతా తిరగొచ్చు. 2024లో దాని కనిష్ఠ ధర హాఫ్‌ఫేర్ ఉన్నవాళ్ళకి 29 ఫ్రాంకులు, లేనివాళ్ళకి 52. ఆ ధరకి కొన్నే ఉంటాయి, తేదీ దగ్గరపడే కొద్దీ పెరుగుతూ పోతుంది. కొన్నాక వెనక్కివ్వడం కుదరదు. అంటే వానొచ్చే రోజుకి కొనేసి చిక్కుకునే ప్రమాదం ఉంది. జ్యూరిక్ నుంచి వచ్చేవాళ్ళకి ఆ ప్రమాదం తీసుకున్నా లాభమే. బెర్న్ నుంచి వచ్చేవాళ్ళు వాతావరణం చూసుకుని హాఫ్‌ఫేర్ మీద మామూలు టికెట్ కొనుక్కున్నా పెద్ద నష్టం లేదు.

భారతదేశం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ దగ్గర స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే లౌటర్‌బ్రునెన్ రైలు, లోయలో తిరిగే 141 నంబరు బస్సు, పడమటి గోడ పైనున్న మ్యూరెన్ ఊరి వరకు రోప్‌వే, అన్నిటికీ అదే చాలు. ట్రూమ్మెల్‌బాఖ్ ప్రవేశానికి మాత్రం ఏ పాసూ పనిచేయదు, అది ప్రైవేటు స్థలం. మనిషికి 15 ఫ్రాంకుల చుట్టుపక్కల అనుకుని విడిగా పెట్టుకోండి. ఖర్చులు ఒకరే పెట్టి, సాయంత్రం రైల్లో లెక్క తేల్చుకోవడం సుఖం. ప్రతి కౌంటరు దగ్గరా ఆరు కార్డులు తీస్తే ఒక్కోసారి పది నిమిషాలు పోతాయి.

కారులో వస్తే మోటర్‌వే స్టికరుకి 40 ఫ్రాంకులు, అది ఏడాదంతటికీ చెల్లుతుంది. లౌటర్‌బ్రునెన్ స్టేషన్ పక్క పార్కింగు వేసవి శనాదివారాల్లో పొద్దున్నే నిండిపోతుంది. లోయ చివర ష్టెఖెల్‌బెర్గ్ రోప్‌వే దగ్గర ఇంకో పెద్ద పార్కింగు ఉంది, కానీ అక్కడికి వెళ్ళేది ఇరుకైన ఒకే ఒక్క రోడ్డు. రైలుకే మా ఓటు.

సంచిలో ఏం పెట్టాలి

జలపాతం అంటే మనకి స్నానం. తలకోనకి వెళ్ళినా, కుంటాలకి వెళ్ళినా తువ్వాలు ముందు సర్దుతాం. ఇక్కడ తువ్వాలు తడి తుడుచుకోవడానికే. ఈ నీళ్ళు కాసేపటి క్రితం దాకా మంచు. మోకాలి లోతులో రెండు నిమిషాలు నిలబడితే కాళ్ళు మొద్దుబారతాయి. లోయ మధ్యలో పారే వైస్సె ల్యూట్‌షినె ఏరు చూడ్డానికి చిన్నదిగా ఉంటుంది, లాగడంలో చిన్నది కాదు. అందులో దిగకండి. ష్టౌబ్‌బాఖ్ కింద నిలబడదామన్నా వద్దు. దాదాపు 300 మీటర్ల పైనుంచి నీళ్ళతోపాటు గులకరాయి ఒకటి వచ్చినా చాలు.

ప్రతి మనిషికీ టోపీ ఉన్న రెయిన్‌కోటు ఒకటి. గొడుగు వద్దు: ట్రూమ్మెల్‌బాఖ్ సొరంగాల్లో తుంపర పక్కనుంచి, కిందినుంచి కూడా వస్తుంది, పైగా ఇరుకు మెట్ల మీద గొడుగు వెనకవాళ్ళ కంట్లో పొడుస్తుంది. అడుగున గాడులున్న బూట్లు తప్పనిసరి. జీన్స్ తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, త్వరగా ఆరే ప్యాంటు వేసుకోండి. బయట 28 డిగ్రీలున్నా కొండ లోపల చలే, పలచటి స్వెట్టర్ ఒకటి ఉంచుకోండి. మారు సాక్సులు ఒక జత. కళ్ళద్దాలకీ, ఫోను లెన్సుకీ నూలు గుడ్డ రెండు, ఒకటి తడిశాక ఇంకోటి. చున్నీలు, స్కార్ఫులు మెట్ల కమ్మీలకి చిక్కుకుంటాయి, లోపలికి వెళ్ళేముందు సంచిలో పెట్టేయండి.

నీళ్ళ సీసా అర లీటరుది చాలు. ఊళ్ళలో, దారి పక్కన ఉండే తొట్టి కుళాయిల నీళ్ళు తాగొచ్చు. "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు ఉంటే మాత్రం తాగకూడదు. గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో రెండు బోర్డు మాటలు: "గెష్పెర్ట్" అంటే మూసేశారు, "ష్టైన్‌ష్లాగ్" అంటే రాళ్ళు పడే చోటు. మూసిన దారిలో ఎవరో వెళ్తున్నారని వెనకే వెళ్ళకండి.

డ్రోను ఇంట్లోనే ఉంచండి. ఈ లోయలో హెలికాప్టర్లు తిరుగుతుంటాయి, గోడ అంచుల మీంచి పారాచూట్లతో దూకేవాళ్ళుంటారు, పారాగ్లైడర్లుంటారు. ఆకాశంలో మీకు మిగిలే చోటు తక్కువ.

భోజనం

లోయలో హోటల్లో కూర్చుని తింటే మనిషికి 25, 30 ఫ్రాంకులు సులువుగా దాటుతుంది. శాకాహారులకి రోష్టి (బంగాళదుంప తురుము వేపుడు) బాగానే ఉంటుంది, కానీ "ష్పెక్" అన్న మాట కనిపిస్తే అందులో పంది మాంసం ఉన్నట్టు. అడిగి తీసుకోండి. దీనికంటే పులిహోర కట్టుకెళ్ళడం మేలు, అదీ సరిగ్గా కట్టుకెళ్తే.

ఆరుగురికి 750 గ్రాముల బియ్యం. పెద్ద నిమ్మకాయంత చింతపండు రెండు ఉండలు. అన్నం పలుకు మీద దించి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, పసుపూ రెండు చెంచాల నూనే వేసి పూర్తిగా చల్లారనివ్వాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పొద్దున అయిదింటికి వేడివేడిగా కలిపి డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. ఆవిరి మూతకి పట్టి నీళ్ళయి అన్నంలోకి కారుతుంది, మధ్యాహ్నానికి అడుగు ముద్దవుతుంది, వాసన కూడా వస్తుంది. పులుసు ముందు రాత్రే ఉడికించి నూనె తేలేదాకా దగ్గరపడనిచ్చి ఉంచుకుంటే, పొద్దున అన్నం వండి, చల్లార్చి, కలిపి, తర్వాతే మూత పెట్టొచ్చు. ఇందులో కొబ్బరి, ఉల్లిపాయ వేయకండి, ముందు చెడేవి అవే. దద్దోజనం కావాలంటే పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలపండి, ఒంటిగంటకి సరిగ్గా తోడుకుని ఉంటుంది.

అంత ఓపిక లేకపోతే ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ ఎదురుగా కోప్ సూపర్‌మార్కెట్ ఉంది. రొట్టె, జున్ను, పండ్లు, పెరుగు కొనుక్కోవచ్చు. స్విట్జర్లాండ్‌లో ఆదివారం కొట్లు చాలావరకు మూస్తారు కాబట్టి ఆదివారం యాత్రకి శనివారమే కొనుక్కోండి.

రోజు నడిచే తీరు

ఇది జూన్, జులై, ఆగస్టులకి వేసిన లెక్క. గంటలు సుమారుగా చెప్పినవే, అసలు వేళలు ముందు రాత్రి స్విస్ రైల్వే యాప్‌లో చూసుకోండి.

బెర్న్‌లో ఏడింటి ప్రాంతం బండి, జ్యూరిక్‌లో అయితే ఆరింటిది. ఎనిమిదింటికి ఇంటర్‌లాకెన్ ఓస్ట్. అక్కడ కొండ రైలు ఎక్కేటప్పుడు జాగ్రత్త: అది త్స్వైల్యూట్‌షినెన్ అనే చోట రెండుగా విడిపోతుంది. ఒక ముక్క లౌటర్‌బ్రునెన్‌కి, ఇంకో ముక్క గ్రిండెల్‌వాల్ట్‌కి. ప్లాట్‌ఫాం మీదా, పెట్టె మీదా రాసిన ఊరి పేరు చదివి ఎక్కాలి. పరిగెత్తుకొచ్చి దొరికిన తలుపు ఎక్కితే బృందం సగం ఒక లోయకీ, సగం ఇంకో లోయకీ చేరుతుంది. సరదాకి చెప్పింది కాదు, ఈ దారిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. ఒకవేళ జరిగితే కంగారు పడక్కర్లేదు. వెనక్కి త్స్వైల్యూట్‌షినెన్ వచ్చి, అరగంటకి ఒకటి చొప్పున ఉండే తర్వాతి బండి పట్టుకుంటే గంట లోపు కలుస్తారు.

ఇరవై నిమిషాల ప్రయాణం. ఎనిమిదిన్నర లోపు లౌటర్‌బ్రునెన్‌లో ఉంటారు. స్టేషన్లో మరుగుదొడ్డి పని ముగించుకోండి, చిల్లర నాణేలు చేతిలో ఉంటే మంచిది. బరువు సంచులుంటే లాకర్లో పెట్టేయండి. ఊరి ప్రధాన వీధిలో చర్చి వైపు నడుస్తుంటే పావుగంటలో ష్టౌబ్‌బాఖ్ పాదం దగ్గరుంటారు.

*ష్టౌబ్‌బాఖ్.* 297 మీటర్లు, గోడని తాకకుండా గాల్లోంచి పడుతుంది. "ష్టౌబ్" అంటే దుమ్ము. కిందికొచ్చేసరికి ధార ధారగా ఉండదు, గాలికి చెదిరి పొడిపొడిగా ఊగుతూ ఉంటుంది. తలకోన 270 అడుగులు, అలాంటివి మూడున్నర ఒకదాని మీద ఒకటి పేరిస్తే వచ్చే ఎత్తు ఇది.

ఇది తూర్పుకి తిరిగి ఉంది. అందుకే పొద్దున్న రమ్మంటున్నాం. ఎండ ముందు గోడ పైఅంచుకి తగిలి, నెమ్మదిగా కిందికి దిగుతుంది. సూర్యుడు మీ వీపు వెనక, తుంపర మీ ఎదురుగా ఉండేలా నిలబడితే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. సూర్యుడు పైకెక్కే కొద్దీ విల్లు కిందికి జారి, పది దాటాక పాదం దగ్గర ముక్క మాత్రమే మిగులుతుంది. మధ్యాహ్నం తర్వాత గోడంతా నీడ, తెల్ల నీళ్ళ వెనక బూడిద రంగు రాయి, పైన వెలిగిపోతున్న ఆకాశం: ఫోనులో ఏ ఫోటో తీసినా ఆకాశమో నీళ్ళో ఏదో ఒకటి పోతుంది.

దగ్గరగా నిలబడి కాసేపు ఒకే చోట చూడండి. పైఅంచు దాటిన నీళ్ళు ముద్దలుగా విడిపోతాయి. ఒక్కో ముద్ద తోకచుక్కలా తెల్లని తోక ఈడ్చుకుంటూ దిగుతుంది. సగం దారికొచ్చేసరికి తల కరిగిపోయి తోక ఒక్కటే మిగులుతుంది, అదీ గాలి ఎటు వీస్తే అటు వంగుతుంది. గాలి లేని పొద్దుట సూటిగా పడిన నీళ్ళే మధ్యాహ్నం లోయ గాలి లేచాక యాభై అడుగులు పక్కకి పోతాయి.

గోడలో తొలిచిన దారిలో పైకెక్కితే జలపాతం వెనక్కి చేరొచ్చు. ఉచితం, వేసవి నెలల్లో తెరిచి ఉంటుంది, రాళ్ళు పడుతుంటే మధ్యలోనూ మూసేస్తారు. పావుగంట నిటారు ఎక్కుడు. నిండు నీళ్ళున్నప్పుడు వెళ్ళండి, ఒళ్ళు తడుస్తుంది, బాగుంటుంది. ఆగస్టు చివర్లో అయితే వెనక నిలబడి చూసేది పలచటి తెర మాత్రమే, దానికోసం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని పైకి లాగకండి. వాళ్ళు కింద బెంచీ మీద కూర్చుని చూసేదే మంచి దృశ్యం.

*లోయ నడక.* తొమ్మిదిన్నర, పదికి అక్కణ్ణుంచి బయల్దేరి ఏటి పక్క దారి పట్టండి. దారి చదును, పిల్లల బండి తోసుకెళ్ళొచ్చు. ట్రూమ్మెల్‌బాఖ్ మలుపు ముప్పావు గంటలో వస్తుంది. లోపలికి వెళ్దామని మనసు లాగుతుంది. లాగనివ్వకండి. పదకొండు నుంచి మూడు దాకా అది టూరిస్టు బస్సుల వేళ, నీళ్ళు కూడా ఇంకా పూర్తిగా రాలేదు. సాయంత్రం ఎలాగూ ఇక్కడికే వస్తాం.

దారి పక్క గడ్డి మీద అడుగు పెట్టకండి. అది పార్కు కాదు, పంట. చలికాలం ఆవులకి మేత ఆ గడ్డే. మన దగ్గర కోతకొచ్చిన వరిచేలో ఎవరో దుప్పటి పరుచుకుని కూర్చుంటే రైతుకి ఎలా ఉంటుందో వీళ్ళకీ అలాగే ఉంటుంది. ఫోటో కోసం పూలలోకి దిగేవాళ్ళ మీద ఇక్కడి రైతులకి విసుగు ఇప్పటికే చాలా ఉంది. సన్నటి తెల్ల టేపులాంటి కంచె కనిపిస్తే ముట్టుకోకండి, అందులో కరెంటు ఉంటుంది.

ఇంకో అరగంట నడిస్తే ష్టెఖెల్‌బెర్గ్ రోప్‌వే స్టేషన్. దాని దగ్గర్లోనే గోడ మీంచి మెట్లు మెట్లుగా దిగే మ్యూరెన్‌బాఖ్ కనిపిస్తుంది. మొత్తం ఎత్తు 417 మీటర్లు, దేశంలో ఎత్తైనది ఇదే. అయినా ఫోటోల్లో ష్టౌబ్‌బాఖ్‌కే పేరు. ఇది రాయిని పట్టుకుని దిగుతుంది కాబట్టి చూపుకి అంత ఎత్తనిపించదు. పది నిమిషాలు చాలు.

పన్నెండింటికి బెంచీ వెతుక్కుని భోజనం. చెత్త సంచీలో వేసుకుని వెంట తెచ్చుకోండి.

*మధ్యాహ్నం రెండు దారులు.* కాళ్ళలో సత్తువ తక్కువున్నవాళ్ళు రోప్‌వే ఎక్కి మ్యూరెన్ వెళ్ళండి. 2024 డిసెంబరులో మొదలైన ఈ కొత్త రోప్‌వే ప్రపంచంలోకెల్లా నిటారైనదని లెక్క. నాలుగు నిమిషాల్లో 1638 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళో దింపుతుంది, చెవులు మూసుకుపోతే గుటక వేయండి. పైనున్న ఊళ్ళో కార్లు లేవు. ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ మూడూ వరసగా నిలబడి ఉంటాయి. సాయంత్రం చూడబోయే నీళ్ళు ఇప్పుడు ఆ తెల్లటి వాలు మీద కరుగుతున్నాయి, పైకొచ్చిన ఫలితం అది చూడడమే. రెండింబావుకి తిరుగు రోప్‌వేలో ఉండాలి. ఇంకా పైకి షిల్ట్‌హార్న్ శిఖరం దాకా వెళ్దామని ఎవరో అంటారు. అది ఇంకో రోజు పని, ఇంకో ఖర్చు.

నడిచే సరదా ఉన్నవాళ్ళు లోయ చివర ఊరిదాకా వెళ్ళి, అడవి దారిలో సెఫినెన్ వాగు వైపు ఎక్కొచ్చు. జనం ఉండరు. వర్షం పడ్డ మర్నాడు ఆ దారిలో వేర్లు జారుతాయి, అప్పుడు వద్దు. మ్యాపు చూసి అన్నిటికంటే చివర ఉన్న ష్మాద్రిబాఖ్ జలపాతం మీద ఆశ పెట్టుకునేవాళ్ళుంటారు. పైకే రెండున్నర, మూడు గంటలు పడుతుంది. దానికి రోజంతా కేటాయించాలి, ఈ పథకంలో ఇరికించకూడదు.

రెండు జట్లుగా విడిపోతే కలుసుకునే చోటు, వేళ పక్కాగా చెప్పుకోండి: మూడింటికి రోప్‌వే ముందు బస్టాపు. పది నిమిషాలు చూసి రాకపోతే మిగతావాళ్ళు ట్రూమ్మెల్‌బాఖ్ వెళ్ళిపోవాలి, ఆలస్యమైనవాళ్ళు తర్వాతి బస్సుకి అక్కడికే రావాలి. ఈ ఒప్పందం పొద్దున్నే జరిగితే సాయంత్రం అలకలుండవు.

*ట్రూమ్మెల్‌బాఖ్.* 141 బస్సులో కొద్ది నిమిషాలే. దిగాల్సిన చోటు రాకముందే బటను నొక్కాలి. మూడుంబావుకి చేరితే జనం తగ్గుముఖం పట్టి ఉంటారు. జులై, ఆగస్టుల్లో ఆరింటిదాకా, మిగతా నెలల్లో అయిదింటిదాకా తెరిచి ఉంటుంది. మూసే వేళకి కనీసం గంటన్నర ముందు లోపల ఉండాలి. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని, కుక్కల్ని లోపలికి పోనివ్వరు.

ఇది కొండ లోపలి జలపాతం. పది జలపాతాలు ఒకదాని కింద ఒకటి, రాయిని మెలికలు మెలికలుగా తొలుచుకుంటూ దిగుతాయి. నిండుగా ఉన్నప్పుడు సెకనుకి 20,000 లీటర్ల నీళ్ళు పోతాయి. పెద్ద వీధి ట్యాంకరు రెండు సెకన్లలోపే ఖాళీ అయినట్టు. ఏడాదికి 20,000 టన్నుల పైన రాళ్ళూ ఇసుకా మోసుకొస్తుంది. కాళ్ళ కింద నేల అదురుతుంటే అది నీళ్ళ పని మాత్రమే కాదు, లోపల దొర్లే రాళ్ళ పని కూడా.

కొండ లోపల వాలుగా ఎక్కే లిఫ్టు ఒకటి ఉంది, 1913లో కట్టారు. టికెట్‌లోనే వస్తుంది. అది ఆరో జలపాతం దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి ముందు మెట్లెక్కి పదో దానిదాకా వెళ్ళి, తర్వాత దిగుతూ రండి. ముందు కిందివి చూసేసినవాళ్ళకి పైకెక్కే ఓపిక ఉండదు, అసలు ఉధృతం పైనే ఉంది. దిగుతూ మళ్ళీ ఆరో జలపాతం దగ్గరికి వచ్చాక రెండు దారులు: లిఫ్టులోనే దిగడం, లేదా బయటి మెట్ల మీద ఒకటో దానిదాకా చూసుకుంటూ దిగడం. మోకాళ్ళు ఎక్కడానికి కాదు, దిగడానికే ఎక్కువ మొరాయిస్తాయి, అలాంటివాళ్ళని లిఫ్టులో పంపేయండి.

లోపల మాట వినపడదు. అరిచినా వినపడదు. ముందే సైగలు అనుకోండి: చేయి పైకెత్తితే ఆగు, చుట్టూ తిప్పితే వెనక్కి పోదాం. కమ్మీ పట్టుకుని నడవండి, ఫోను మెడలో తాడుకి వేలాడేయండి. చేయి జారిన ఫోను ఇక దొరకదు. ఫోటోకి రాత్రి మోడ్ పెట్టి మోచేయి కమ్మీకి ఆనిస్తే చాలు, ఇరుకులో ట్రైపాడ్ ఎవరికీ ఇబ్బందే. ప్రతి ఫోటోకి ముందు లెన్సు తుడవండి. ఆ ఒక్క పని చేయకే ఇక్కడి ఫోటోలు చాలావరకు పొగమంచులా వస్తాయి.

గంట, గంటుంబావు పడుతుంది. బయటికొచ్చాక తడి సాక్సులు మార్చుకోండి.

వాన పడితే

బయల్దేరే పొద్దున స్విస్ వాతావరణ శాఖ మెటియోస్విస్ యాప్‌తోపాటు మ్యూరెన్ వెబ్‌క్యామ్ కూడా చూడండి. తెల్లగా ఏమీ కనపడకపోతే మ్యూరెన్ మానేయండి, పైకెళ్ళి మేఘంలో నిలబడడానికి డబ్బు దండగ. మబ్బు కిందికి దిగిన రోజున ష్టౌబ్‌బాఖ్‌కి తల కనపడదు, కానీ గోడల నిండా కొత్త ధారలు మొలుస్తాయి. 72 అన్న అంకె అప్పుడు కాస్త నిజమనిపిస్తుంది. ట్రూమ్మెల్‌బాఖ్‌కి వానతో పనిలేదు, ఎలాగూ తడవాల్సిందే. అలాంటి రోజున వరస తిప్పేయండి: తెరవగానే ట్రూమ్మెల్‌బాఖ్, తర్వాత తెరిపిచ్చినప్పుడు మిగతావి. ఉరుములు మొదలైతే అడవి దారులు వదిలి బస్సు రోడ్డుకి వచ్చేయాలి.

దెబ్బ తగిలితే 144 అంబులెన్సు, కొండ మీద చిక్కుకుంటే 1414 హెలికాప్టరు సహాయం, ఏదీ గుర్తు రాకపోతే 112. రెస్క్యూ ఖర్చు మామూలు ట్రావెల్ బీమాలో ఉందో లేదో ముందే చదువుకోండి.

తిరుగు ప్రయాణం

నాలుగున్నర, అయిదు మధ్య బస్సెక్కితే అయిదున్నరకి లౌటర్‌బ్రునెన్ నుంచి రైలు, ఏడింటికి బెర్న్, ఎనిమిదికి జ్యూరిక్. సాయంత్రం బస్సులు నిండి వస్తాయి, ఆరుగురికీ చోటు లేకపోతే ఇద్దరు ముందెక్కి స్టేషన్లో కూర్చోవచ్చు. బస్సు తప్పినా ఏమీ మునిగిపోలేదు. పొద్దున వచ్చిన చదును దారే, ముప్పావు గంటలో స్టేషన్. వేసవిలో తొమ్మిదిదాకా వెలుతురు ఉంటుంది. అక్టోబరులో అయితే లోయలో చీకటి త్వరగా పడుతుంది, అందుకని బస్సు వేళ చూసుకున్నాకే టికెట్ కౌంటరు దాటి లోపలికి వెళ్ళండి.